వందల ఓట్లున్న పాత సమాధానాన్ని మనం దిద్దొచ్చా? ఎంతవరకు?

ప్రశ్న ఇదీ, కుదించి పెడుతున్నా: “అన్నా, నేను చెన్నై షోలింగనల్లూరులో ఒక డేటా టీంలో చేస్తున్నా. ఒక ప్రోగ్రామింగ్ ప్రశ్నల సైట్‌లో పాండాస్ (పైథాన్‌లో టేబుల్ డేటా పనులకి వాడే లైబ్రరీ) మీద చాలా పాత సమాధానం ఉంది. వందల ఓట్లు, పక్కన పచ్చ టిక్కు, అంటే ప్రశ్న అడిగినవాడు ఒప్పుకున్న సమాధానం. అందులో చెప్పిన డేటాఫ్రేమ్ అపెండ్ (టేబుల్‌కి వరసలు చేర్చే కమాండ్) ఇప్పుడు లేనే లేదు, ఎర్రర్ కొడుతుంది. మొత్తం కోడ్ తీసేసి కొత్తది రాసి ఎడిట్ పంపితే ‘రచయిత ఉద్దేశానికి విరుద్ధం’ అని తిప్పికొట్టారు. తప్పుడు సమాధానాన్ని అలాగే వదిలేయాలా? నాకు పాయింట్లు మూడు వందల చిల్లర ఉన్నాయి.”

తమ్ముడూ, నీ కోపం అర్థమైంది. కానీ ఆ ఎడిట్ నా ముందుకొచ్చినా నేనూ తిప్పే పంపేవాణ్ణి. నువ్వు చెప్పిన విషయం సరైనదే, పెట్టిన చోటు సరైనది కాదు. పాత సమాధానాన్ని ముట్టుకునేటప్పుడు నేను చూసుకునేది ఒకటే: అది ఎక్కడిదాకా చెల్లుతుందో రాయాలి, చెల్లిన రోజుల్లోని మాటని మాత్రం చెరపకూడదు.

నువ్వు దాన్ని తప్పుడు సమాధానం అన్నావు. కాదు. రాసిన రోజున అది సరిగ్గానే పనిచేసింది. పాండాస్ 1.4 నుంచి, అంటే 2022 జనవరి నుంచి, అపెండ్ వాడితే హెచ్చరిక రావడం మొదలైంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0లో పూర్తిగా తీసేశారు. అంతకుముందు వెర్షన్ మీద ఉన్నవాళ్లకి అది ఇవాళ్టికీ పనిచేస్తుంది. అంత పాతది ఎవరు వాడతారు అంటావేమో, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద బ్యాంకులకీ ఇన్సూరెన్సుకీ పనిచేసే టీముల్ని అడిగి చూడు. సర్వర్లలో వాడే రెడ్‌హ్యాట్ లినక్స్ 8లో సిస్టమ్‌తో పాటు వచ్చే పైథాన్ 3.6, దాని మీద పాండాస్ 1.1 దాటి ఎక్కదు, క్లయింటేమో ఆడిట్ అయ్యేదాకా సర్వర్ మీద చెయ్యి వేయనివ్వడు. ఆ టీంలో కొత్తగా చేరిన పిల్లాడు రాత్రి పదింటికి వెతుక్కుంటూ వస్తే వాడికి కావాల్సింది ఆ పాత కోడే. నువ్వు దాన్ని పూర్తిగా తీసేశావు.

ఇంకోటి, ఆ సమాధానం కింద పేరు నీది కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో నియమాలు నాకు బాగా అలవాటు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటా. అక్కడ రాసేదంతా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటుంది, ఎవరైనా మార్చొచ్చు, మార్చినా అసలు రచయిత పేరు అలాగే ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రలో వరసగా కనపడుతుంది. చట్టం లెక్కన నీకు అడ్డం లేదు. అసలు చిక్కు ఓట్లతో. ఆ వందల మంది తమ మెషీన్‌లో నడిపి, పనిచేసిందని ఓటు వేసింది పాత కోడ్‌కి. ఇప్పుడు నువ్వు కోడ్ మొత్తం మార్చేస్తే ఆ ఓట్లన్నీ ఎవరూ పరీక్షించని కొత్త కోడ్‌కి వచ్చేస్తాయి. ఊళ్లో అందరూ సంతకాలు పెట్టిన అర్జీలో, సంతకాలయ్యాక పై పేరా మార్చినట్టు. నీ కోడ్ మంచిదే అయ్యుండొచ్చు, రేపు ఇదే పని ఇంకొకడు చెత్త కోడ్‌తో చేస్తాడు, అప్పుడు ఆపడానికి, ఎడిట్లు చూసి ఒప్పుకునే రివ్యూయర్‌కి ఇంకో నియమం ఉండదు కదా.

మరి ఎప్పుడు నేరుగా దిద్దొచ్చు? పేరు మారి, పద్ధతి అదే ఉన్నప్పుడు. ఉదాహరణకి పైథాన్‌లో కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి ఇటరబుల్‌ని తెచ్చుకునే పాత కోడ్ ఉంటుంది చూడు, 2021లో వచ్చిన 3.10లో ఆ దారి మూసేశారు, కలెక్షన్స్ డాట్ ఏబీసీ నుంచి తెచ్చుకోవాలి. ఈ కొత్త దారి 3.3 నుంచీ ఉంది, కాబట్టి ఆ ఒక్క లైను మార్చేస్తే పైథాన్ 3.3, ఆ పైన ఉన్న ఎవరికీ నష్టం లేదు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌కి కోడ్ పంపేటప్పుడు (పుష్ చేసేటప్పుడు) పాస్‌వర్డ్ ఇవ్వమని చెప్పే సమాధానాలు కూడా ఇలాంటివే. 2021 ఆగస్టు 13 నుంచి అక్కడ పాస్‌వర్డ్ చెల్లదు, టోకెన్ ఇవ్వాలి. పాత పద్ధతి ఎవరికీ ఏ వెర్షన్‌లోనూ పనిచేయదు కాబట్టి ఉంచాల్సిన అవసరం కూడా లేదు, మొహమాటం లేకుండా మార్చెయ్.

తేలిగ్గా కనపడేవాటిలోనూ మెలికలుంటాయి. పైథాన్ 2 కాలం నాటి ప్రింట్‌కి బ్రాకెట్లు తగిలించడం చాలామంది చేసే ఎడిట్, పాయింట్లు కూడా వస్తాయి, పుణ్యానికి పుణ్యం. ఒకే విలువని ప్రింట్ చేస్తుంటే బ్రాకెట్లు పెట్టినా రెండు వెర్షన్లలోనూ ఒకటే ఫలితం. కామా పెట్టి రెండు విలువలు ఇచ్చావనుకో, పైథాన్ 2లో అది టపుల్‌గా, అంటే విలువల జాబితాగా అచ్చవుతుంది, బ్రాకెట్లూ కోట్‌లూ అన్నీ కలిపి. పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే కాలం చెల్లింది కాబట్టి పోనీలే అనొచ్చు, నేనూ అంటాను. కానీ ప్రశ్నలోనే ‘పైథాన్ 2.6’ అని రాసి ఉంటే మాత్రం ఊరుకోను, అతను అడిగింది దాని గురించి. ప్రశ్నలో వెర్షన్ మార్చడం, ట్యాగ్ పీకేయడం లాంటివి అసలు చేయకు.

ఇక నీ అపెండ్ సంగతి. ఇది పైకి పేరు మారిన కేసులా కనిపిస్తుంది, డాక్యుమెంటేషన్ కూడా అపెండ్ బదులు కాంకాట్ (టేబుళ్లని కలిపే ఫంక్షన్) వాడమంటుంది. సరే అని లూప్‌లో ఉన్న అపెండ్ లైను తీసి అక్కడ కాంకాట్ పెడితే ఎర్రర్ పోతుంది, ఫలితమూ వస్తుంది. కానీ లూప్ తిరిగిన ప్రతిసారీ అప్పటిదాకా పోగైన టేబుల్ మొత్తం కొత్తగా కాపీ అవుతుంది. వంద వరసలకి తెలియదు, లక్షకి వచ్చేసరికి టీ తాగొచ్చినా అవ్వదు. అపెండ్‌ని తీసేయడానికి ముఖ్య కారణమే అది, లిస్టుకి అపెండ్ చేసినంత తేలికని జనం అనుకోవడం. అసలు చేయాల్సింది వరసల్ని మామూలు లిస్టులో పోగేసుకుని, లూప్ అయ్యాక ఒక్కసారి డేటాఫ్రేమ్ చేయడం. ఇది పేరు మార్పు కాదు, వేరే పద్ధతి. వేరే పద్ధతి అంటే వేరే సమాధానం, నీ పేరు మీద. దాన్ని తీసుకెళ్లి ఇంకొకరి పేరు కింద పెట్టడం వల్లే ‘ఉద్దేశానికి విరుద్ధం’ అన్నారు.

అంటే పాత సమాధానంలో ఏమీ చేయకూడదా అంటే చేయాలి, కానీ చిన్నది. పైన ఒక్క వాక్యం: “పాండాస్ 2.0 నుంచి అపెండ్ లేదు. కిందనున్న అపెండ్ కోడ్ 1 సిరీస్‌కి మాత్రమే, 2.0, ఆ పై వెర్షన్లకి కాంకాట్ వాడండి.” కింద కాంకాట్‌తో రెండు లైన్ల కోడ్. దాని కింద పాత కోడ్, అక్షరం మారకుండా. చదివేవాడు ఏ వెర్షన్‌లో ఉన్నా మూడు సెకన్లలో తన లైను దొరుకుతుంది. ఎడిట్ ఎందుకు చేశావో రాసే చిన్న డబ్బా ఉంటుంది చూడు, ‘అప్‌డేటెడ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు జనం. అందులో ఇలా రాయి: “2.0లో అపెండ్ తొలగించారు, రిలీజ్ నోట్స్ లింకు ఇచ్చాను, పాత కోడ్ అలాగే ఉంచాను.” రివ్యూ చేసేవాడికి పాండాస్ రాకపోవచ్చు, తీసేసింది ఎర్రగా, చేర్చింది పచ్చగా కనపడే స్క్రీను వైపు కాసేపు చూసి నొక్కేస్తాడు. అంతా ఎర్రగా ఉంటే భయపడతాడు. నువ్వు పనిలో పనిగా స్పెల్లింగులు, ఖాళీలు, వేరియబుల్ పేర్లు కూడా సర్దావనుకో, అసలు మార్పు ఎక్కడుందో వెతుక్కోలేక తిప్పేస్తాడు. ఒక ఎడిట్‌లో ఒకే పని.

‘ఎడిట్:’, ‘అప్‌డేట్ 2:’, ‘అప్‌డేట్ 3 (ఫైనల్):’ అని మెట్లు మెట్లుగా కిందకి పేర్చుకుంటూ పోయే సమాధానాలంటే నాకు పడదు. చదివేవాడు పైనున్న కోడ్ కాపీ చేసుకుని వెళ్లిపోతాడు, సరైనదేమో నాలుగో అప్‌డేట్ కింద ఎక్కడో ఉంటుంది. చరిత్ర సైటే దాచిపెడుతుంది, సమాధానం లోపల మళ్లీ చరిత్ర అక్కర్లేదు. పై నుంచి కిందకి ఇవాళ రాసినట్టే ఉండాలి: కొత్త వెర్షన్ పైన, పాతది ‘1 సిరీస్ వాడేవాళ్లకి’ అనే చిన్న శీర్షికతో కింద.

భద్రతకి సంబంధించిన సమాధానాల దగ్గర మాత్రం నాకు ఈ మర్యాదలన్నీ ఉండవు. పీహెచ్‌పీలో పాస్‌వర్డ్‌ని ఎండీ5 అనే తేలిగ్గా ఛేదించగల పాత పద్ధతితో హ్యాష్ చేసి (గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చి) దాచుకోమని చెప్పే సమాధానాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాస్‌వర్డ్ హ్యాష్ చేసే ఫంక్షన్ 2013లోనే, పీహెచ్‌పీ 5.5తోనే భాషలోకి వచ్చేసింది. డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు కనీసం 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7తో పాటు పోయాయి కాబట్టి కోడే ఆగిపోతుంది, చూసినవాడికి ఏదో తేడా ఉందని తెలుస్తుంది. ఎండీ5 ఆగదు, హాయిగా నడుస్తుంది, డేటాబేస్ బయటికి పొక్కిన రోజున తెలుస్తుంది. ఇలాంటివాటికి మొదటి లైన్లోనే, బోల్డ్‌లో, ‘పాస్‌వర్డ్‌లకి ఇది వాడకండి’ అని హెచ్చరిక పెట్టి, ఏం వాడాలో చెప్పాలి. రచయిత నొచ్చుకుంటాడేమోనని ఆలోచించకు. నాకు తెలిసి ఎవరూ నొచ్చుకోలేదు, పైగా థాంక్స్ చెప్పి తామే ఇంకా బాగా మార్చినవాళ్లున్నారు.

ఇంకో రకం ఉంది, పాతబడడంతో సంబంధం లేనిది. ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అని) ఇచ్చేయమనే సలహా 2009లోనూ తప్పే, ఇవాళా తప్పే. దాన్ని ఎడిట్ చేసి మంచి సలహాగా మార్చకు, చెడ్డ సలహా ఇచ్చినవాడికి మంచి పేరు కట్టబెట్టినట్టవుతుంది. డౌన్‌ఓటు వెయ్, ఎందుకో కామెంట్ రాయి, నీ సమాధానం నువ్వు రాసుకో. డౌన్‌ఓటుకి 125 పాయింట్లుండాలి, నీకున్నాయి, వేసినందుకు నీదో పాయింటు పోతుంది, పోనీ.

తేదీ చూసి కూడా మోసపోకు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో పాతబడ్డ సమాధానాల మీద పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు, వాళ్లు చూసిన వాటిలో సగానికి పైగా రాసిన రోజుకే పాతబడి ఉండొచ్చని తేలింది, తర్వాత సరిచేసినవి దాదాపు ఐదింట ఒకటే. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. ఎప్పటిదో బ్లాగులోంచి తీసుకుని నిన్న అతికించినవాళ్లు కోకొల్లలు, ఇప్పుడు చాట్‌బాట్ ఇచ్చింది ఇచ్చినట్టు అతికించేవాళ్లు వాళ్లకి తోడయ్యారు. అది నేర్చుకుందీ ఈ పాత సమాధానాల నుంచే కదా.

అలాగని కొత్తది కనపడగానే పాతది చెడిపోయిందనుకునే జబ్బు కూడా ఉంది. కోడ్ మార్పుల్ని దాచే గిట్‌లో స్విచ్, రిస్టోర్ అనే కమాండ్లు 2019లో, 2.23తో వచ్చాయి. ఆ పనులే చేసే పాత చెకౌట్ కమాండ్‌తో చెప్పిన సమాధానాలు నేటికీ అక్షరాలా పనిచేస్తాయి. వాటిని వెతికి వెతికి మార్చేవాళ్లున్నారు, ప్రతి ఎడిట్‌కీ ఆ ప్రశ్న మళ్లీ మొదటి పేజీకి ఎక్కుతుంది, నిజంగా సాయం కావాల్సిన కొత్త ప్రశ్నలు కిందకి జారతాయి. పనిచేసేదాన్ని ముట్టుకోకు. కావాలంటే కామెంట్‌లో ఒక ముక్క చెప్పి ఊరుకో.

ఇదంతా కోడ్‌తో వచ్చిన గొడవ కూడా కాదు. చెన్నైలో తెలుగువాళ్లు గుమిగూడే ప్రతి గ్రూపులోనూ పండగ ముందు వచ్చే ప్రశ్న, నెల్లూరు బస్సు ఎక్కడ ఎక్కాలి? పాత జవాబులన్నీ కోయంబేడు అంటాయి. 2018 అక్టోబరులో మాధవరం బస్టాండు తెరిచి రెడ్ హిల్స్ మీదుగా ఆంధ్ర వెళ్లే బస్సుల్ని అటు మార్చారు. వెతికితే పైన వచ్చేది మాత్రం ఎక్కువ లైకులున్న పాతదే, అది నమ్మి పిల్లల్నీ సంచుల్నీ వేసుకుని కోయంబేడులో దిగినవాడు అక్కణ్ణుంచి ఆటోవాడితో బేరాలాడుకోవాలి. ఇది పాతబడడం. ఇప్పుడు తప్పుగా దిద్దడం ఎలా ఉంటుందో చూడు. 2023 డిసెంబరు ఆఖర్న కిలంబాక్కం తెరిచారు, దక్షిణ జిల్లాల బస్సులు అటు పోయాయి. ఎవరో ఉత్సాహంగా పాత జవాబులో కోయంబేడు కొట్టేసి కిలంబాక్కం అని పెట్టాడనుకో, నెల్లూరు పోవాల్సినవాడు ఊరికి ఆ చివర వండలూరు పక్కన తేలతాడు. ఎక్కడ అన్నది ఒక్కటే మారిస్తే చాలదు, ఏ వైపు బస్సులు, ఎప్పటినుంచి అన్న రెండూ పక్కన ఉండాలి. కోడ్‌కి వెర్షన్ నంబరు ఎంతో బస్టాండుకి నెల, సంవత్సరం అంత.

పాయింట్ల సంగతికొస్తే, రెండు వేలు దాటేదాకా నీ ఎడిట్లు రివ్యూకి వెళ్తాయి, ఒప్పుకుంటే రెండు పాయింట్లు, వరసగా తిరస్కరిస్తే కొన్నాళ్లు ఎడిట్ చేయకుండా ఆపేస్తారు. కాబట్టి మొండిగా అదే మళ్లీ పంపకు. చాలామందికి తెలియని సంగతొకటి, అసలు రచయిత ఒప్పుకుంటే రివ్యూయర్లతో పని లేదు, ఆయన ఒక్కడి మాటే చెల్లుతుంది. అందుకే ముందు కామెంట్ రాయాలి. యాభై పాయింట్లు చాలు దానికి. “ఈ కోడ్ 2.0లో ఆగిపోతోంది, పైన ఒక వాక్యం చేర్చగలరా?” అని అడుగు, ‘మీ సమాధానం తప్పు’ అనకు. అంత పాత రచయిత ఇంకా సైట్‌లో తిరుగుతున్నాడో లేదో ప్రొఫైల్లో ఆఖరిసారి ఎప్పుడు కనిపించాడో చూస్తే తెలిసిపోతుంది.

టిక్కు ఉన్నది పైనే కూర్చుంటే నా కొత్త సమాధానం ఎవరు చూస్తారు అనుకుంటున్నావేమో. ఆ రోజులు పోయాయి, 2021 నుంచి స్టాక్ ఓవర్‌ఫ్లోలో టిక్కు ఉన్నంత మాత్రాన పైన అంటించి పెట్టడం లేదు. ఆ మరుసటి ఏడాది, ఇటీవలి ఓట్లకి ఎక్కువ విలువిచ్చి వరస పెట్టే పద్ధతి కూడా తెచ్చారు, చదివేవాడు అది ఎంచుకుంటే నీది పైకొస్తుంది. పాత ప్రశ్నకి అరవై రోజుల తర్వాత రాసిన సమాధానానికి స్కోరు ఐదుకి చేరితే ఒక బ్యాడ్జి కూడా ఇస్తారు, అంటే పాత ప్రశ్నల దగ్గరికి రమ్మని వాళ్లే పిలుస్తున్నట్టు. నీకే సరైన జవాబు తెలియకపోతే యాభై పాయింట్లు పెట్టి బౌంటీ (మంచి జవాబుకి బహుమానం) వేయొచ్చు, కారణాల్లో ‘ఉన్న సమాధానాలు పాతబడ్డాయి’ అన్నది రెడీగా ఉంటుంది. నీకు జవాబు తెలుసు కాబట్టి ఆ ఖర్చు దండగ.

నీ పని ఇప్పుడు ఇది. కామెంట్ ఇవాళే పెట్టెయ్. ఒక మెషీన్‌లో రెండు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (ఒక్కో వెర్షన్‌ని విడిగా ఉంచుకునే చోట్లు) చేసుకుని, ఒకదాంట్లో పాండాస్ 1.3, ఇంకోదాంట్లో 2 సిరీస్ వేసి, పాత కోడ్, కాంకాట్ కోడ్, లిస్టు పద్ధతి మూడూ రెండింట్లోనూ నడుపు. నడపకుండా ఒక్క అక్షరం కూడా పంపకు. తర్వాత లిస్టు పద్ధతిని నీ సమాధానంగా రాయి, ఏ వెర్షన్‌లో పరీక్షించావో మొదటి లైన్లో చెప్పు, లూప్‌లో కాంకాట్ ఎందుకు నెమ్మదో ఒక పేరా. వారంలో రచయిత పలకకపోతే పైన చెప్పిన చిన్న ఎడిట్ పంపు, ఆ ఒక్క వాక్యం, రెండు లైన్లు. అదీ తిప్పికొడితే వదిలెయ్, పాత సమాధానం కింద నీ కామెంట్‌లో నీ సమాధానం లింకు పెట్టు చాలు. ఎర్రర్ తగిలి వచ్చినవాడు కామెంట్లే ముందు చదువుతాడు.